ఎనభైల ప్రళయానంతర సినిమాలు: ఇటలీ వారిది చూచిరాతేనా?

పాతక్యాసెట్టు: 1979లో ఆస్ట్రేలియా దర్శకుడు జార్జ్ మిల్లర్ ‘మ్యాడ్ మ్యాక్స్’ తీశారు. 1981లో రెండో భాగం వచ్చింది. ఇక ఇటలీ వారు ఆగలేదు. ఒక్క 1983లోనే ‘ది న్యూ బార్బేరియన్స్’, ‘2019: ఆఫ్టర్ ద ఫాల్ ఆఫ్ న్యూయార్క్’, ‘ఎండ్‌గేమ్’. అవే తుక్కు కార్లు, అవే ముఠాలు. నా దృష్టిలో ఇదంతా చూచిరాత. కాదనేవారు చెప్పండి.

తోకచుక్క: ఎవరిని చూసి ఎవరు రాశారండీ? ‘న్యూ బార్బేరియన్స్’ తీసిన ఎంజో కాస్టెల్లారి 1976లోనే ‘కియోమా’ అనే వెస్టర్న్ తీశారు. ఎక్కడినుంచో వచ్చే ఒంటరివాడు, దోపిడీ ముఠా, దిక్కులేని బాటసారులు. గుర్రం పోయి కారు వచ్చింది. మ్యాక్స్ రెండో భాగం మాత్రం కౌబాయ్ కథ కాదా?

పాతక్యాసెట్టు: కావచ్చు. కానీ ‘న్యూ బార్బేరియన్స్’లో ఆ కారును చూశారా? హీరో నెత్తిమీద పారదర్శకమైన ప్లాస్టిక్ బుడగ, మిఠాయి కొట్టులో ఈగలు వాలకుండా బోర్లించిన మూతలా! పైగా లోకమంతా బూడిదయ్యాక కూడా విలన్ ముఠాకు తెల్లటి దుస్తులు. ఏ చాకిరేవు మిగిలిందో మరి.

రాతిగని: డబ్బు లేకపోవడాన్ని వెక్కిరించకండి. మొదటి ‘మ్యాడ్ మ్యాక్స్’కూ డబ్బు లేదు. తుక్కు చేయడానికి మిల్లర్ తన సొంత వ్యానునే ఇచ్చేశారు. తేడా అంతా కెమెరాను ఎక్కడ పెట్టారన్నదే. అక్కడ అది దాదాపు నేలను రాసుకుంటూ పోతుంది, రోడ్డు మన ముఖం మీదికే వస్తుంది. ఇటలీ సినిమాల్లో చాలాసార్లు గట్టు మీద నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది.

తోకచుక్క: అది ఒప్పుకుంటాను. కానీ వారి భయం అరువు తెచ్చుకున్నది కాదు. ఆ రోజుల్లో సిసిలీలోని కోమిజోలో అమెరికా అణు క్రూయిజ్ క్షిపణులు పెడతారని తెలిసి ఇటలీ జనం వీధుల్లోకి వచ్చారు.

పాతక్యాసెట్టు: ఆ భయం తెరమీద ఎక్కడుంది?

తోకచుక్క: ‘2019: ఆఫ్టర్ ద ఫాల్ ఆఫ్ న్యూయార్క్’లో ఉంది. పదిహేనేళ్లుగా భూమ్మీద బిడ్డ పుట్టలేదు. తల్లి కాగలిగిన చివరి స్త్రీ కోసం వెతుకులాటే కథ. దాదాపు ఇదే ఊహతో 2006లో ‘చిల్డ్రన్ ఆఫ్ మెన్’ వస్తే మనమంతా లేచి నిలబడ్డాం.

పాతక్యాసెట్టు: సరే, ఆ ఒక్కటీ మీదే. బుడగ కారును మాత్రం ఒప్పుకోను.

రాతిగని: ఫిలిప్పీన్స్ మాట ఎవరూ ఎత్తలేదేమిటి? సిరియో శాంటియాగో తీసిన ‘స్ట్రైకర్’ కూడా 1983దే. మ్యాక్స్‌లో పెట్రోలు కోసం కొట్టుకుంటే అందులో నీళ్ల కోసం కొట్టుకుంటారు. దాన్ని కూడా చూచిరాతలోనే వేస్తారా?