ఒహ్తానీ ఒప్పందం: ఏటా 4.6 కోట్ల లెక్క ఎలా వచ్చింది?

2023 డిసెంబరులో అమెరికా బేస్‌బాల్ జట్టు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో జపాన్ ఆటగాడు షొహెయ్ ఒహ్తానీ కుదుర్చుకున్న ఒప్పందం లెక్క నాకు ఎంతకూ తేలడం లేదు. పదేళ్లకు 70 కోట్ల డాలర్లు. అందులో ఏటా చేతికి అందేది 20 లక్షలే. ఏటా మిగిలిన 6.8 కోట్లు సరిగ్గా పదేళ్ల తర్వాత, అంటే 2034 నుంచి 2043 వరకు, వడ్డీ లేకుండా చెల్లిస్తారు. కానీ లగ్జరీ ట్యాక్స్ (జట్టు జీతాల మొత్తం ఒక పరిమితి దాటితే లీగ్ వేసే పన్ను) కోసం జట్టు జీతాల పద్దులో ఆయన పేరు మీద ఏటా సుమారు 4.6 కోట్లు చూపిస్తున్నారు. 2024లో పన్ను పరిమితి 23.7 కోట్లు, ఒక్క ఆటగాడి పద్దు ఇటూ అటూ అయితే జట్టు మొత్తం లెక్కే మారిపోతుంది.

వాయిదా సొమ్ముకు నేటి విలువ కడతారని అర్థమై, కంప్యూటర్‌లో పట్టిక వేసి చూశాను. 5 శాతం వడ్డీతో 6.8 కోట్లను పదేళ్లు వెనక్కి లెక్కిస్తే 4.17 కోట్లు, 20 లక్షలు కలిపితే 4.37. 4 శాతంతో 4.79. 4.5తో 4.58 వచ్చింది, దాదాపు సరిపోయింది. అయితే ఆ 4.5 నేను ఊహించి వేసినది, ఏ నిబంధనలోనూ చూసినది కాదు.

వాయిదా జీతాల నేటి విలువ కట్టడానికి మేజర్ లీగ్ బేస్‌బాల్ ఏ వడ్డీ రేటును ప్రమాణంగా తీసుకుంటుంది?