వ్యుర్మ్: పామా, పురుగా?

"బేవుల్ఫ్ కావ్యంలో రాజు డ్రాగన్‌తో పోరాడి చనిపోతాడు కదా, మూలంలో దాన్ని వర్మ్ అన్నారట. పురుగుతో యుద్ధమేంటి?" అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. కామెంటులో ఇమిడేది కాదు, అందుకే విడిగా రాస్తున్నాను.

బేవుల్ఫ్ పాత ఇంగ్లిష్ భాషలోని కావ్యం. దాని మూలంలో ఉన్న మాట వ్యుర్మ్. 'ఉ' అనబోయేటప్పుడు పెదవులు ఎలా గుండ్రంగా వస్తాయో అలా ఉంచి 'ఇ' పలికితే ఆ అచ్చు వస్తుంది. ఇప్పటి ఇంగ్లిష్ వర్మ్ దీన్నుంచే వచ్చింది. వెయ్యేళ్ల కిందట మాత్రం పాకేది, మెలికలు తిరిగేది ఏదైనా వ్యుర్మే. మూడొందల ఏళ్లు నిధికి కాపలా కాసిన డ్రాగనూ అదే, గడ్డిలో పామూ అదే, శవానికి పట్టే పురుగూ అదే. ఆ డ్రాగన్ బేవుల్ఫ్‌ను మెడ దగ్గర కరుస్తుంది. గాయం మండుతుంది, వాస్తుంది, లోపల విషం ఎక్కుతోందని అతనికి తెలిసిపోతుంది. చదువుతుంటే అచ్చం పాముకాటు వర్ణనలాగే ఉంటుంది.

పెద్ద ప్రాణి సంగతి అది. ఇక చిన్నవాటికి వస్తే, నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణలు ఎక్సెటర్ బుక్ అనే 10వ శతాబ్దపు రాతప్రతిలోని పొడుపుకథల్లో ఉన్నాయి. ఒక చిమ్మట మాటల్ని తినేసిందట. చీకట్లో వచ్చిన ఆ దొంగ, ఆ వ్యుర్మ్, ఎవరో మనిషి కట్టిన పాటను మింగేసింది, అయినా దానికి రవ్వంత తెలివి కూడా పెరగలేదట. తోలు పుస్తకాలను తొలిచే పురుగు గురించి ఆరే ఆరు పాదాలు, ఎంత బాగా చెప్పాడో! ఇంకో పొడుపుకథలో సృష్టి తన గురించి తానే చెప్పుకుంటుంది: ఈ లోకం కన్నా పెద్దదాన్ని, హోండ్‌వ్యుర్మ్ కన్నా చిన్నదాన్ని అని. హోండ్ అంటే చెయ్యి. చేతి చర్మంలో తొలుచుకుంటూ పోయే గజ్జి పురుగు అన్నమాట. కంటికి కనిపించే వాటిలో అంతకన్నా చిన్నది వాళ్లకు తట్టలేదు.

జబ్బుల దగ్గర ఈ మాట ఇంకా ఆసక్తిగా ఉంటుంది. బాల్డ్స్ లీచ్‌బుక్ అనే పాత వైద్యగ్రంథం బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. పంటినొప్పికి కారణం పంటిలోని వ్యుర్మ్ అని అందులో రాశారు. మందేమిటంటే ఓక్ కాయల పిండి, ఖురాసానీ వాము గింజలు మైనంలో కలిపి వత్తి చేసి వెలిగించాలి, ఆ పొగ నోట్లోకి పట్టాలి, కింద నల్లగుడ్డ పరవాలి. పురుగులు దాని మీద రాలతాయట! మన పల్లెల్లో పిప్పిపన్నుకు వాకుడు గింజల పొగ పట్టడం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఖురాసానీ వాము, వాకుడు రెండూ వంకాయ కుటుంబం మొక్కలే. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని నేను అనను. పుచ్చిన పంటిలో పురుగు ఉంటుందనే నమ్మకం మాత్రం ఎన్నో దేశాల్లో ఉంది.

ఇక పాత ఇంగ్లిష్‌లోనే ఉన్న 'తొమ్మిది మూలికల మంత్రం' అనే వైద్యమంత్రం. అందులో ఒక వ్యుర్మ్ పాకుతూ వచ్చి మనిషిని చీలుస్తుంది. వాళ్ల పాత దేవుడు వోడన్ తొమ్మిది మహిమగల పుల్లలు తీసుకుని కొడితే అది తొమ్మిది ముక్కలై ఎగిరిపోతుంది. ఇక్కడ గమనించండి, మొదట వ్యుర్మ్ అన్నదాన్నే రెండు పాదాలు తిరక్కుండా నాద్రె అన్నాడు కవి. నాద్రె అంటే కచ్చితంగా పామే. తర్వాతి కాలంలో 'ఎ నాడర్' అనేదాన్ని జనం 'ఎన్ ఆడర్' అని విడదీసుకోవడంతో మొదటి నకారం పోయి ఇప్పటి ఇంగ్లిష్‌లో ఒక విషపు పాము పేరైన ఆడర్ మిగిలింది.

అదే మంత్రంలో అన్నిటికన్నా ముందు పిలిచే మూలిక ముగ్‌వ్యుర్ట్. నువ్వు మూలికల్లో పెద్దదానివి అని దాన్ని నేరుగా సంబోధిస్తాడు. వ్యుర్ట్ అంటే మూలిక, మొక్క. అది మన మాచిపత్రి జాతి మొక్క. వినాయక చవితి పూజలో 21 పత్రాల్లో మొదటిది మాచీపత్రమే కదా! ఇది కాకతాళీయమే, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

కింద కామెంటులో ఒకరు "వర్మ్ మన కృమే కదా" అన్నారు. చూడటానికి అలాగే ఉంటుంది కానీ కాదు. కృమికి దగ్గరి చుట్టం పారశీక కిర్మ్. ఎర్రరంగునిచ్చే పురుగు పేరుగా అది అరబ్బీ మీదుగా వెళ్లి ఇంగ్లిష్‌లో క్రిమ్సన్ అయింది. వర్మ్‌కు చుట్టం లాటిన్ వెర్మిస్. దాన్నుంచి వచ్చిన మాట వెర్మిలియన్, అదీ ఎరుపే. అంటే రెండు ఎరుపుల పేర్లూ పురుగు మాటల నుంచి వచ్చినవే, కానీ వేర్లు వేరు.

మరి తెలుగులో ఎలా అనువదించాలి? డ్రాగన్ దగ్గర మహాసర్పం, పంటి దగ్గర క్రిమి, పుస్తకం దగ్గర కీటకం అని మార్చుకుంటూ పోతే అర్థం తెలుస్తుంది, కానీ వాళ్లు వీటన్నిటినీ ఒకే గుంపుగా చూశారన్న సంగతి మాయమైపోతుంది. నా మటుకు నేను అన్నిచోట్లా 'పురుగు' అనే వాడతాను. సాలెపురుగు, నులిపురుగు, పట్టుపురుగు, గజ్జి పురుగు అన్నీ మనకు పురుగులే. పైగా పాము కరిస్తే "పురుగు ముట్టింది" అనే వాడుక మనకుంది. మనది పాము పేరెత్తడానికి భయపడి అన్న మాట, వాళ్లది మామూలు మాట, ఆ తేడా నిజమే. అయినా "పురుగు ముట్టింది" విన్న చెవికి బేవుల్ఫ్‌ను పురుగు కరిచిందంటే నవ్వు రాదు, ఒళ్లు జలదరిస్తుంది.

మీ వైపు పాముకాటుకు ఏమంటారు? "పురుగు ముట్టింది" కాకుండా వేరే మాట ఉంటే, ఏ జిల్లానో కూడా చెప్పండి.