విమానంలో ఆక్సీమీటర్ 91 చూపిస్తే కంగారు పడాలా?

పర్లాకిమిడి అబ్బాయి:
మొన్న నాన్నను మొదటిసారి విమానం ఎక్కించాను, వైజాగ్ నుంచి ఢిల్లీకి. కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్, అదే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపేది, సంచిలో ఉంటే ఊరికే ఆయన వేలికి పెట్టాను. ఇంట్లో 97 ఉండేది, పైన 91! ఆయన హాయిగా నిద్రపోతున్నారు, నాకేమో చెమటలు. ఎయిర్ హోస్టెస్‌ని పిలిస్తే "ఆయాసం ఉందా?" అని అడిగింది. లేదన్నాను, వెళ్లిపోయింది. ఇలా తగ్గుతుందని ముందే చెప్పొద్దా?

జయపురం మాస్టారు:
బాబూ, మన దేవమాలి కొండ 1,672 మీటర్లు. విమానం 35 వేల అడుగుల్లో పోతున్నా లోపలి గాలి ఒత్తిడి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నంత వరకు తగ్గొచ్చని నిబంధన. అంటే 2,438 మీటర్లు. దేవమాలి మీద ఇంకో సగం దేవమాలి పెట్టి కూర్చున్నట్టు. గాలిలో ఆక్సిజన్ వంతు అదే 21 శాతం, కానీ ఒత్తిడి తక్కువ కాబట్టి నేల మీద 15 శాతం పీల్చినట్టే లెక్క. 2007లో అయిదొందల మందిని ఒత్తిడి తగ్గించిన గదిలో కూర్చోబెట్టి చూస్తే, ఆ ఎత్తుకు సగటున నాలుగు పాయింట్లకు పైగా పడింది. నిద్రలో ఇంకాస్త తగ్గుతుంది. ఆ మీటరు మీ టెన్షన్ పెంచడానికి తప్ప ఎందుకు?

రాయగడ అక్క:
మాస్టారూ, మీ లెక్క ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి. మా మామయ్య నలభై ఏళ్లు చుట్ట కాల్చారు. నేల మీదే 92. అక్కడి నుంచి పడటం మొదలైతే 97 నుంచి పడినట్టు నిదానంగా ఉండదు, జారుడుబల్లే. బాత్రూంకి నడిచొస్తే ఇంకా. అలాంటివాళ్లకి ఎక్కకముందే 15 శాతం ఆక్సిజన్ పీల్పించి చూసే పరీక్ష ఉంది. అవసరమైతే గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే బ్యాటరీ కాన్‌సంట్రేటర్‌కి ముందుగా అనుమతి తీసుకోవాలి, ఇంటి సిలిండర్ ఎక్కించనివ్వరు. నెత్తిమీద నుంచి పడే పసుపు మాస్కులు ఇందుకు కావు, లోపలి ఒత్తిడి పోయినప్పుడు విమానం కిందికి దిగేదాకా కొద్ది నిమిషాలకే.

బరంపురం కుర్రాడు:
ఏసీకి వేళ్లు చల్లబడినా, గోళ్లకి రంగున్నా అంకె తప్పొస్తుంది. బాగున్నా రెండు మూడు పాయింట్లు అటూ ఇటూ. ఒక్క 91 పట్టుకుని ఇంత గొడవా?

జయపురం మాస్టారు:
అక్క చెప్పింది ఒప్పుకుంటాను, జబ్బున్నవాళ్ల సంగతి వేరు. కానీ వాళ్లకి పనికొచ్చేది కింద చేసే పరీక్ష. పైకెళ్లాక అంకె చూసి ఏం చేస్తారు, కిటికీ తీస్తారా?

రాయగడ అక్క:
తగ్గితే సిబ్బందికి చెప్తాం, వాళ్ల దగ్గర సిలిండర్ ఉంటుంది. ఆయాసం బయటపడేదాకా ఆగాలా?

పర్లాకిమిడి అబ్బాయి:
నాన్నకి జబ్బేమీ లేదు, బీపీ మాత్ర ఒక్కటే. వచ్చే గురువారం తిరుగు ప్రయాణం. మీటరు చెక్-ఇన్ లగేజీలో పడేయమని ఆయనే అంటున్నారు, "నాకు కాదురా, నీకు పెట్టాలి" అని.

రాయగడ అక్క:
పడేయండి. కానీ ఎక్కేముందు ఒకసారి పెట్టి చూడండి.