పెరట్లో పూడ్చిన బావి బయటపడింది, మేస్త్రీ అదనంగా 1,14,000 అడుగుతున్నాడు. ఇవ్వాలా?

తెనాలి_టీచర్:
అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, విసుక్కోకండి.

మాది తెనాలి, నాన్నగారు 1984లో కట్టించిన ఇల్లు. వెనక పెరడు 24 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. కడప బండలు కుంగిపోయి, వాన పడితే వంటింటి గుమ్మం దాకా నీళ్లు నిలుస్తున్నాయి. బండలు తీసేసి తొమ్మిది అంగుళాలు తవ్వి, కంకర పరిచి పార్కింగ్ టైల్స్ వేయాలి. గిన్నెలు తోముకునే చోటు, కాలవ దాకా పైపు, వెనక 30 అడుగుల ప్రహరీ కొత్తగా కట్టాలి. మెటీరియల్‌తో సహా 3,40,000కి మా వీధి చివర ఉండే మేస్త్రీ ఒప్పుకున్నాడు. రాసుకున్నది నోటు పుస్తకం కాగితం మీద నాలుగు లైన్లు. సంతకాలు లేవు. తెలిసినవాడే కదా అనుకున్నాను.

మూడో రోజు జేసీబీ చక్రం ఒక్కసారిగా దిగబడింది. చూస్తే వరల (రింగుల) బావి! కుళాయి వచ్చాక 1996లో నాన్నగారు పూడ్పించారట. పైన ఆరడుగులు కుంగి ఉంది. ముందే ఎందుకు చెప్పలేదని అమ్మనడిగితే, "చిన్నప్పుడు కంచుగ్లాసు పడేసింది దాన్లోనేగా, నీకు తెలీదా?" అంది. ఇన్నాళ్లూ ఆ బావి ప్రహరీ అవతల ఉండేదనుకుంటున్నాను నేను.

ఇప్పుడు మేస్త్రీ లెక్క ఇది: బావి పూడ్చడానికి 52,000. నల్లమట్టి కాబట్టి ప్రహరీ పునాది రెండడుగులకు బదులు నాలుగడుగులు వేశాడు, దానికి 38,000. మట్టి తోలకం 16 ట్రిప్పులు, 24,000. ఒప్పుకున్న డబ్బులో ఇప్పటికే 2,40,000 ఇచ్చేశాను. గోడ అయింది, తవ్వకం అయింది, కంకర సగం పడింది. వంటిల్లు పక్కన పదడుగుల మేర టైల్స్ వేసి ఆగాడు. తొమ్మిది రోజులుగా రావట్లేదు. మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) మాత్రం మా వాకిట్లోనే పెట్టి పోయాడు.

అసలు టెన్షన్ ఏమిటంటే, వైశాఖంలో నాన్నగారి ఆబ్దికం. చుట్టాలందరికీ వంట పెరట్లోనే. ఆ సంగతి మేస్త్రీకీ తెలుసు. వేరేవాళ్లతో చేయించుకోవచ్చా? ఇచ్చిన డబ్బు పోయినట్టేనా?

రిటైర్డ్_ఏఈ:
అమ్మా, మూడింటినీ కలిపి ఒకే అంకెగా మాట్లాడకండి. దేని లెక్క దానిదే.

బావి: నాలుగడుగుల వెడల్పు వర అనుకుంటే లోపల పన్నెండున్నర చదరపు అడుగులు. 18 అడుగుల లోతు ఉందనుకుని, అంతా ఖాళీగా ఉన్నా 226 ఘనపు అడుగులే, అంటే రెండుంబావు యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపు అడుగులు). మీది ఎప్పుడో పూడ్చిన బావి, కుంగింది పై ఆరడుగులు. 75 ఘనపు అడుగులు. ఒక ట్రాక్టర్ ట్రక్కు కూడా నిండదు! 52,000 దేనికో కాగితం మీద రాసిమ్మనండి.

పూడ్చే పద్ధతి చెబుతాను, డబ్బు కంటే ఇది ముఖ్యం. పై రెండు వరలు పగలగొట్టి తీయించండి. ఇసుక గానీ క్రషర్ డస్ట్ గానీ అడుగు చొప్పున పోసి, నీళ్లు పెట్టి, దిమ్మిసతో కొట్టించాలి. ఒక్కసారే దిమ్మరిస్తే రెండు వానలకు మళ్లీ దిగుతుంది. ఎంత కొట్టినా అడుగున ఉన్న పాత పూడిక ఇంకొంచెం కుంగుతుంది. అందుకని ఆ చోట మాలు (సిమెంటు, ఇసుక కలిపింది) పెట్టి టైల్స్ వేయకండి. మీ పాత కడప బండలే ఇసుక మీద పరిపించండి, కుంగితే లేపి సర్దుకోవచ్చు.

పునాది: నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. రెండడుగుల పునాది మీద గోడ నిలవదు. నాలుగడుగులు వేయడం సరైన పనే. కానీ తెనాలిలో పనిచేసే మేస్త్రీకి నల్లమట్టి కొత్త విషయమా? ముందే లెక్కలో వేసుకోవాల్సింది. అయినా గోడ మీది, గట్టిగా నిలిచేది మీకు. మెటీరియల్ ఖర్చు మీరు పెట్టుకోండి, కూలి అతను భరించాలి. ఇది నా అభిప్రాయం.

మట్టి: పెరడు తవ్వకం 540 ఘనపు అడుగులు. తవ్విన మట్టి పొంగుతుంది, పాతిక శాతం కలిపితే 675. గోడ కందకంలో మిగిలింది కొంత. ఎనిమిది, తొమ్మిది ట్రిప్పులు దాటదు. 16 ఎవరు లెక్కపెట్టారు?

ఇంకోటి. ఆ పదడుగుల టైల్స్ మీద బకెట్ నీళ్లు పోసి చూడండి. పదడుగులకు కనీసం అంగుళంన్నర వాలు గుమ్మానికి దూరంగా ఉండాలి.

తాపీ_పని:
మేడమ్, నేనూ ఈ పనిలోనే ఉన్నాను, మా వైపు మాటా వినండి. మట్టి కింద ఏముందో మేస్త్రీకి కనపడదు. బావి సంగతి మీ ఇంట్లోవాళ్లకి తెలుసు. జేసీబీ దిగబడితే బాడుగ గంటల లెక్కన మా నెత్తిన పడుతుంది, కూలీలకి ఆ రోజు పని లేకపోయినా డబ్బులివ్వాలి. అది ఇవ్వడం న్యాయం. 52,000 మాత్రం ఎక్కువే, ఏఈ గారు చెప్పింది నిజం.

తొమ్మిది రోజులు రాలేదంటే ఇంకో చోట పని పట్టుకుని ఉంటాడు. మీ దగ్గర మూడింట రెండొంతుల పైనే తీసుకున్నాడు, ఇక తొందరేముంది? మిల్లర్ వదిలి వెళ్లాడంటే మళ్లీ వచ్చే ఉద్దేశం ఉన్నట్టే. వేరే మేస్త్రీని పెట్టే ముందు ఫొటోలు, కొలతలు తీసుకోండి. సగం పని మీద చేయి పెట్టడానికి ఎవరూ తొందరగా ఒప్పుకోరు, ఒప్పుకున్నా రేటు ఎక్కువ చెబుతారు.

తెనాలి_టీచర్:
నీళ్లు పోశాను. తిన్నగా వంటింటి గుమ్మానికే వచ్చాయి. ఏడుపొచ్చింది.

ట్రిప్పుల సంగతి అమ్మనడిగాను. పాలు పోయించుకున్న రోజులు గీతలు పెట్టే క్యాలెండర్ తెచ్చింది. అందులో ట్రాక్టర్ వచ్చినప్పుడల్లా పక్కన ఎర్ర చుక్క పెట్టిందట. తొమ్మిది చుక్కలు!

గుంటూరు_లాయర్:
ఆ క్యాలెండర్ భద్రంగా పెట్టండి.

డబ్బు తీసుకుని చేసే నిర్మాణ పని 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవే. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. కానీ మీకు కావలసింది వైశాఖం లోపు పెరడు, కమిషన్‌లో అంత త్వరగా తేలదు. ముందు వాట్సాప్‌లో మర్యాదగా తేదీ, లెక్క, టైల్స్ వాలు ఫొటో పెట్టి మేస్త్రీకి పంపండి. కదలకపోతే న్యాయసేవాధికార సంస్థలో కేసు వేయకముందే రాజీకి పిలిపించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం.

తెనాలి_టీచర్:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

మెసేజ్ పెట్టిన మర్నాడే వచ్చాడు. మా చిన్నాన్నని, మేస్త్రీ బావమరిదిని కూర్చోబెట్టి టేపుతో కొలిచాం. బావికి జేసీబీ బాడుగ, డస్ట్, కూలి అన్నీ కలిపి 14,000. పునాదికి మెటీరియల్ మాత్రం, 21,000. మట్టికి తొమ్మిది ట్రిప్పులు, 13,500. మొత్తం 48,500. క్యాలెండర్ చూపించినప్పుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అమ్మగారు చుక్కలు పెడుతున్నారని తెలిస్తే నేనూ సరిగ్గానే రాసేవాణ్ణి కదండీ" అన్నాడు. ఏమనాలో తెలీక నవ్వేశాం.

వాలు తప్పిన టైల్స్ తన ఖర్చుతో పీకి మళ్లీ వేశాడు. ఈసారి నీళ్ల పైపుతో లెవెల్ చూశాక గానీ మాలు కలపనివ్వలేదు నేను. పాత ఒప్పందంలో మిగిలిన లక్షలో 20,000 మొదటి గట్టి వాన పడ్డాకే ఇస్తానన్నాను. మొహం మాడ్చుకున్నాడు గానీ సంతకం పెట్టాడు.

ఆబ్దికానికి రెండు రోజుల ముందు పని అయింది. బావి ఉన్నచోట పాత కడప బండలే పరిచారు, అతుకు వేసినట్టు కనిపిస్తోంది. నాకు నచ్చలేదు. అమ్మ మాత్రం వాటి మీదే పాత చీర పరిచి ఒడియాలు పెడుతోంది.