అప్‌డేట్: థేమ్స్ ఒడ్డున దొరికిన సీసపు బిళ్ల ఏమిటో తేలింది

లండన్‌లో ఆటు వేళ థేమ్స్ బురదలో దొరికిన సీసపు బిళ్ల గురించి ఇక్కడ అడిగాను. ఒకవైపు ద్రాక్షగుత్తిలాంటి బొమ్మ, రెండోవైపు అరిగిన అక్షరం. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

అది బట్టల తానుకు వేసే సీసపు ముద్ర. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నేసిన ఫస్టియన్ గుడ్డది: అవిసెనార పడుగు, పత్తినూలు పేక. గుత్తిలా కనిపించింది ఆ నగర చిహ్నమైన పైన్ కాయ, అక్షరం గోథిక్ ‘ఎ’. కాలం 16-17 శతాబ్దాలు. లండన్ మ్యూజియంలో ఇలాంటి వస్తువులను నమోదు చేసే అధికారి ఫోటో చూడగానే చెప్పేశారు. అంచున పొడుచుకొచ్చిన ముక్క విరిగిన పట్టీ అట. ఆ పట్టీ కలిపి ఉంచే రెండు బిళ్లల మధ్య గుడ్డను పెట్టి, ఒకదాని మేకును రెండోదాని రంధ్రంలోకి దూర్చి, పైన ముద్ర కొట్టేవారు.

పనికొచ్చిన సలహా ఒక్కటే: టార్చి వెలుగును పక్కనుంచి వాలుగా వేసి, రెండువైపులా ఫోటో తీయడం. లోపలి ముఖం మీద నేత గుర్తులు కూడా అప్పుడే కనిపించాయి.

బరువు తూచడం వల్ల ఏమీ తెలియలేదు. ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నం నుంచి తెచ్చిన మూటదేమో అన్న ఊహ నాకు తెగ నచ్చింది కానీ, కంపెనీ ముద్రల మీది హృదయాకారపు గుర్తు దీని మీద లేదు. వెనిగర్‌తో కడగమన్న సలహాను మాత్రం దయచేసి ఎవరూ పాటించకండి, ఆ ఆమ్లం సీసాన్ని తినేస్తుంది.

థేమ్స్ ఒడ్డున వెతకడానికి, ఆ నదిని చూసుకునే సంస్థ పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ అనుమతి తప్పనిసరి. 300 ఏళ్లు దాటిన వస్తువు దొరికితే మ్యూజియానికి చూపించాలి.