వీపీఎన్‌లోకి ఒకరొస్తే కాంటా కంప్యూటర్ నెట్ పోతోంది, ఐపీల లొల్లేనా?

మిల్లు_గుమాస్తా:
అన్నలూ, మాది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. ఆఫీసు సర్వర్ 192.168.1.10, దాంట్లోనే లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ, విండోస్ రౌటింగ్ అండ్ రిమోట్ యాక్సెస్‌తో దాంట్లోనే వీపీఎన్, అంటే బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి. బయటి నుంచి వచ్చేవాళ్లకు 192.168.1.100 నుంచి 120 దాకా ఐపీ నంబర్ల పూల్ ఇచ్చాను. ఇన్నాళ్లు బాగానే నడిచింది, వానాకాలం ధాన్యం మొదలయ్యాక మాత్రం నల్లగొండ నుంచి ఆడిటర్ కనెక్ట్ అయిన కాసేపటికే కాంటా కంప్యూటర్‌లో ఐపీ కాన్‌ఫ్లిక్ట్ అని వస్తోంది, తూకం చీటీ ప్రింట్ కాదు, లారీలు రోడ్డు దాకా లైను కడుతున్నాయి, డ్రైవర్ల హారన్లతో తల పగిలిపోతోంది. ఇంకోటి, మహబూబ్‌నగర్‌లో మా బావకి ఇంటి వైఫై మీద వీపీఎన్ కనెక్టెడ్ అనే చూపిస్తుంది కానీ టాలీ తెరుచుకోదు. అదే ల్యాప్‌టాప్‌కి ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తే తెరుచుకుంటుంది. రెండూ ఒకటే జబ్బా?

పాలమూరు_కేబుల్:
వేర్వేరు జబ్బులు తమ్మీ. ముందు కాంటా సంగతి. మీ రూటర్ డీహెచ్‌సీపీ, అంటే ఐపీలు దానంతటదే పంచేది, ఏ నంబర్ నుంచి ఇస్తుందో చూడు, అది కూడా 100 నుంచే ఉంటుంది. లారీ టోకెన్లు ఇద్దరు గుమాస్తాలు ఒకరికి తెలియకుండా ఒకరు అవే నంబర్లతో ఇస్తే ఎట్లుంటుందో ఇదీ అంతే. సీజన్‌లో ఫోన్లు పెరిగాయి, ఇప్పుడు బయటపడింది. రూటర్‌కి 100 నుంచి 199, వీపీఎన్‌కి 220 నుంచి 240 పెట్టు. లేదా పూల్ తీసేసి డీహెచ్‌సీపీ నుంచే తీసుకోమను, అప్పుడు సర్వర్ పదేసి అడ్రస్‌లు ముందే తీసి పెట్టుకుంటుంది, రూటర్ లిస్టు చూసి టెన్షన్ పడకు. ఎవరికైనా 169.254తో వచ్చిందంటే మాత్రం డీహెచ్‌సీపీ అందలేదని లెక్క.

దేవరకొండ_షాప్:
ఇంత తిప్పలెందుకు, ఆఫీసు మొత్తానికి 50.50.50 పెట్టెయ్. ఎవరింట్లోనూ ఉండదు. మా దగ్గర నాలుగేళ్లుగా నడుస్తోంది.

రాత్రి_డ్యూటీ:
నడుస్తుంది అన్నా, అవతలి అసలు ఓనర్ సైట్‌తో నీకు పని పడేదాకా. అవి ఇంటర్నెట్‌లో వేరేవాళ్లకు ఇచ్చిన నంబర్లు. మన సొంతానికి 1996లోనే ఆర్ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రంలో మూడు రేంజ్‌లు విడిగా పెట్టారు: 10తో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 దాకా, ఆ తర్వాత 192.168.

గుమాస్తా తమ్మీ, మీ బావ ఇంటి రూటర్ కూడా 192.168.1 అయ్యుంటుంది, పందెం. ల్యాప్‌టాప్ 192.168.1.10 పక్క గదిలోనే ఉందనుకుని ఇంటి వైఫైలోనే వెతుకుతుంది, వీపీఎన్ దాకా రానే రాదు. హాట్‌స్పాట్ రేంజ్ వేరు కాబట్టి అక్కడ దొరుకుతోంది. పూల్ ఎన్నిసార్లు మార్చినా ఇది పోదు, ఆఫీసు రేంజే మార్చాలి. 10.0.0 వద్దు, 10.8.0 అసలే వద్దు, ఓపెన్‌వీపీఎన్ అనే సాఫ్ట్‌వేర్ ఉదాహరణల్లో అదే ఉంటుంది, అందరూ దాన్నే దించేస్తారు. ఆఫీసుకి 10.73.20, వీపీఎన్‌కి 10.73.21 అనుకో. 10.73.21కి వెళ్లాలంటే సర్వర్ దగ్గరికి పో అని రూటర్‌లో స్టాటిక్ రూట్ రాయడం మర్చిపోకు. లేకపోతే టాలీ వస్తుంది, కాంటా కంప్యూటర్ ఫోల్డర్ రాదు. రూట్ రాశాక కూడా రాకపోతే ఆ కంప్యూటర్ ఫైర్‌వాల్ చూడు, ఫైల్ షేరింగ్‌ని లోకల్ సబ్‌నెట్, అంటే తనున్న నంబర్ల రేంజ్ దాకే వదులుతుంది.

మిల్లు_గుమాస్తా:
ఆదివారం రాత్రి ఆఖరి లారీ పోయాక కూర్చుని మార్చాను. బావకి ఇంటి వైఫై మీదే టాలీ తెరుచుకుంది. పొద్దున ఆరింటికి మొదటి లారీ కాంటా ఎక్కింది, చీటీ రాదు! ప్రింటర్‌కి ఎప్పుడో ఎవరో 192.168.1.50 చేత్తో పెట్టారు, దాన్ని మరిచిపోయాను. అది మార్చేదాకా చీటీలు పెన్నుతో రాసిచ్చాం. ఇప్పుడంతా సాఫీ. ఒక్కటే డౌటు, ఆడిటర్‌కి ఎప్పుడూ ఒకే నంబర్ వచ్చేట్టు చెయ్యొచ్చా? ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో లాగ్‌లో తెలుస్తుందని.

రాత్రి_డ్యూటీ:
చెయ్యొచ్చు. సర్వర్‌లో ఆయన యూజర్ ప్రాపర్టీస్ తెరిచి డయల్-ఇన్ ట్యాబ్‌లో స్టాటిక్ ఐపీ టిక్ పెట్టు. కానీ ఆ ఐడీతో ఆయన అసిస్టెంట్ కూడా వస్తుంటే వేరే ఐడీ తీసివ్వు, లేకపోతే మళ్లీ మొదటికొస్తావు.