శ్రీనాథుడి దీనారం వెండిదా, బంగారందా?

ఈమధ్య రోముకి వెళ్ళినప్పుడు తెర్మిని స్టేషన్ పక్కనే ఉన్న పలాట్సో మాస్సిమో మ్యూజియం చూశాను. అక్కడికెళ్ళినవాళ్ళు కూర్చుని ఉన్న కంచు బాక్సర్ విగ్రహం దగ్గర ఆగకుండా ఉండలేరు, నేనూ చాలాసేపు నిలబడ్డాను, ముఖం మీద గాయాలకి రాగి పొదిగారు, నెత్తురు చెమ్మలాగే ఉంటుంది. కానీ నన్ను పట్టేసింది మాత్రం కింద అంతస్తులో నాణేల గది. అద్దం వెనక చిన్న వెండి బిళ్ళలు, పేరు దెనారియస్. చూడగానే శ్రీనాథుడి పద్యంలోని ‘దీనారటంకాల తీర్థమాడించితి’ నోట్లోకి వచ్చేసింది.

అమరకోశంలో ఉంది కదా అని దీనారం అచ్చంగా సంస్కృతమే అనుకున్నా ఇన్నాళ్ళూ. మూలం లాటిన్ ‘దెనారియస్’ అట. పది ‘ఆస్’ నాణేలకి సమానం కాబట్టి ‘పదేసి’ అనే అర్థంలో ఆ పేరు పెట్టారు, తర్వాత విలువ 16 ఆస్‌లకి మార్చినా పేరు మార్చలేదు.

నా సందేహం ఇది. రోములో దెనారియస్ వెండిది, బంగారు నాణెం ఆరియస్, దానికి 25 దెనారియస్‌లు. మరి శ్రీనాథుడికి ఆ దీనారాలతో జరిగింది కనకాభిషేకం కదా!

వ్యాఖ్య 1: రోమన్లే ఆరియస్‌ని ‘బంగారు దెనారియస్’ అని కూడా అనేవారండీ. గుప్తుల శాసనాల్లో దీనారం అంటే బంగారు నాణెమే. అంత దూరం ఎందుకు, నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు ప్రాకృత శాసనం ఒకటి ఉంది, ఒక రాణి స్తంభం కోసం 170 ‘దినారి మాషకాలు’ ఇచ్చింది. అక్కడ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలూ దొరికాయి. వెండివి కావాలంటే నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోటే వెయ్యికి పైగా బయటపడ్డాయి, రోమన్ చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్ కాలపువి.

వ్యాఖ్య 2: మా రాయచోటి వైపు దీనికి పద్యం అక్కర్లేదన్నా, మావాళ్ళంతా కువైట్‌లోనే. పొద్దున లేస్తే ‘ఈరోజు దినార్ ఎంత?’ అనే మాటే. అదీ ఇదేనా?

అసలు పోస్టు రాసినవారు: అదే తమ్ముడూ, కాకపోతే దారి వేరు. గ్రీకు వాళ్ళ నోట్లో పడి అరబ్బీలోకి వెళ్ళింది, 7వ శతాబ్దం చివర్లో ఖలీఫా అబ్దుల్ మాలిక్ వేయించిన దీనార్ కూడా బంగారమే. ఇటలీలో ఇప్పటికీ డబ్బుని ‘దెనారో’ అంటారు. ఇంకో సంగతి, నాగార్జునకొండ శాసనంలో ‘దినారి’ అని హ్రస్వమే, మీవాళ్ళు పలికేదీ హ్రస్వమే. దీర్ఘం తీసేవాళ్ళం మేమే!